గిన్నెడు పెట్రోలు

ఆ పొద్దున ఆకాశంలో ముగ్గురు సూర్యుళ్లు లేచారు. నడిమివాడు అసలువాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు చలి పుట్టించిన దొంగవాళ్లు. మబ్బు లేదు, గాలి లేదు. ఊళ్లో గుడారాల పొగ నిట్టనిలువుగా లేచి, కొంత పైకి పోయాక ఇక ఓపిక లేనట్టు పళ్లెంలా పరుచుకుంది. పొగ అలా పరుచుకుందంటే చలి ఇంకా ముదురుతుందని అర్థం.

ఖోర్లో తన తమ్ముడి గుడారం ముందు ఒంటె దిగింది. ముందురోజు బయల్దేరి, కనుమ ఇవతల తెలిసినవాళ్ల దగ్గర తలదాచుకుని, తెల్లవారకముందే మళ్లీ ఎక్కింది. రెప్పలకు మంచు అతుక్కుని కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఆ సగం కళ్లతోనే ముందు లారీని చూసింది, తర్వాత తమ్ముణ్ని.

కనుమ అవతల దొడ్డిలో ఆమె గొర్రెలు పస్తులుంటున్నాయి. చలికాలం మొదట్లో తడిమంచు పడి, ఒక పూట ఎండకు కరిగి, వెంటనే బిగుసుకుపోయింది. అప్పటినుంచి మేతంతా అద్దం కింద ఉంది. కనిపిస్తుంది, నోటికి అందదు. మొగుడు సంబూ గునపంతో ఆ మంచు పగలగొట్టి గుప్పెడు గుప్పెడు మేత బయటికి తీస్తున్నాడు. ఆకలికి తాళలేక గొర్రెలు ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తింటున్నాయి. కొన్ని లేవడం మానేశాయి. ప్రభుత్వం గడ్డి పంపిందనీ, ఉన్ని గోదాము ఆవరణలో ఎవరి వాటా వాళ్లకు పేర్చి పెట్టారనీ కబురందింది. గడ్డి ఇక్కడ, గొర్రెలు అక్కడ. మోపులు కనుమ దాటించాలంటే లారీ ఒక్కటే దారి.

లారీ వాళ్ల నాన్నది. పాత రష్యా బండి, పెట్రోలుది. ఆయన పోయాక ఖోర్లో తోలుతోంది. నా పెళ్లాం నన్సల్‌కి నెలలు నిండుతున్నాయి, ఆసుపత్రికి తిప్పాలి అని తమ్ముడు దంబా అడిగితే ఎండలు తగ్గే రోజుల్లో ఇచ్చింది. బిడ్డ పుట్టింది, కళ్లు తెరిచింది, నవ్వడం కూడా నేర్చింది. లారీ మాత్రం తిరిగి రాలేదు.

"వచ్చావా అక్కా! లోపలికి రా, టీ కాగుతోంది" అన్నాడు దంబా. చేతులు చంకల్లో పెట్టుకుని గంతులేస్తున్నాడు.

"టీ తర్వాత. బండి తియ్యి."

"తీస్తా, తీస్తా. నీ బండిని ఎట్లా చూసుకున్నానో నువ్వే చూద్దువుగాని. నా కూతుర్ని కూడా అంత ముద్దు చెయ్యలేదు."

ముందువైపుకి పోయి హ్యాండిలు దూర్చి, ఒక్క సగం తిప్పు తిప్పాడు. ఇంజను అందుకుంది. అంత చలిలో అది మామూలు సంగతి కాదు. ఎదుటి వరసలో పొరుగువాడు చోయ్‌జిల్ తన లారీ కింద పిడకల మంట పెట్టి పొద్దుటినుంచీ కుస్తీ పడుతున్నాడు. దానికింకా దగ్గయినా రాలేదు.

"చూశావా!" దంబా చోయ్‌జిల్‌కి వినపడేలా అరిచాడు. "సగం తిప్పుకే!"

ఖోర్లో సంతోషించలేదు. తల పక్కకు వంచింది. ఇంజను మోత కింద ఇంకో మోత ఉంది. లోపల ఎవర్నో పెట్టి తలుపేస్తే, వాడు చిన్న సుత్తితో ఆగకుండా కొడుతున్నట్టుంది.

"ఆపు."

"ఇప్పుడే కదా తీసింది. కాస్త..."

"ఆపమన్నానా లేదా!"

ఆపాడు. ఆమె బానెట్ ఎత్తింది. బండి ముక్కు మీద కప్పే ఉన్నిబొంత లేదు. రేడియేటరు బోసిగా గాలికి తెరుచుకుని ఉంది. ఆయిలు పోసే మూత తిప్పి తీసింది. మూత లోపలంతా తెల్లగా, జిగటగా, మీగడ కట్టి ఉంది.

"ఏంట్రా ఇది?"

"అదా, చలికి అట్లా వస్తుందంట."

"ఇంజన్లో పెరుగు తోడుపెట్టావురా! గొర్రెలు చచ్చిపోతున్నాయి, పాలు లేవని నేనేడుస్తుంటే నువ్విక్కడ పెరుగు చేస్తున్నావా?"

ఆయిలు కొలిచే గేజీ పుల్ల పీకింది. ఆయిలు గీత దాటి పైకి ఉంది. దంబా మొహం వెలిగింది.

"అది చూడు మరి! అందరి బండ్లూ ఆయిలు తాగుతాయి. మనది తాగదు సరికదా, పెంచుతుంది. నేను ఒక్క చుక్క పోస్తే ఒట్టు."

ఖోర్లో చేతిజోడు పళ్లతో పీకి, గేజీ కొసను రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. వేళ్లు జారాల్సింది పోయి ఒకదాన్నొకటి గీరుకున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్రోలు. ఒక చుక్క మంచు మీద విదిల్చింది. మంచి ఆయిలయితే పడినచోటే ముద్దగా కూర్చోవాలి. ఇది కాఫీలా ఇంకిపోయి, చుట్టూ పసుప్పచ్చ వలయం వదిలింది.

"ఎన్నాళ్లు పోశావు?"

"ఏది?"

"గిన్నె."

"రోజూ పోశాను" అన్నాడు దంబా రోషంగా. "ఒక్క సాయంత్రం కూడా మరిచిపోలేదు. కావాలంటే నన్సల్‌ని అడుగు. జ్వరంతో ఉన్నా లేచి పోశాను."

ఆ చలిదేశంలో పాత డ్రైవర్లందరికీ తెలిసిన పని అది. చలికి ఆయిలు గడ్డకడుతుంది, హ్యాండిలు తిరగదు. బలవంతాన తిప్పినా, ఆ ముద్ద పైకి పాకేలోపు ఇనుమును ఇనుము నాకేస్తుంది. అందుకని సాయంత్రం ఇంజను వేడి మీద ఉండగానే చెక్కగిన్నెతో పెట్రోలు తీసుకుని ఆయిల్లో పోసి, కాసేపు కలవనిచ్చి ఆపుతారు. పొద్దున్నకు ఆయిలు పల్చగా ఉంటుంది, బండి తేలిగ్గా లేస్తుంది. అది సగం పని. మిగతా సగం పొద్దున్న చెయ్యాలి. ముక్కుకు బొంత కట్టి, బరువేసి, కనుమ మీదికి తోలాలి. బానెట్ మీద మంచు విసిరితే చుయ్యిమనేంతవరకు తోలాలి. అప్పుడు పెట్రోలు ఆవిరై గొట్టంలోంచి బయటికి పోతుంది, ఆయిలు మళ్లీ ఆయిలవుతుంది. అది పోకముందే ఆపేసి, సాయంత్రం ఇంకో గిన్నె పోస్తే ఇంజన్లో మిగిలేది ఆయిలు కాదు.

"పోసిన తర్వాత పొద్దున్న ఎక్కడికి తోలావు?"

"ఎక్కడికేంటి? బావి దగ్గరికి. నీళ్లు తేవద్దూ? కొట్టుకి. ఆసుపత్రికి."

"బావి ఇక్కడినుంచి కనపడుతోందిరా!"

"నడిచిపోతే నీళ్లు గడ్డకడతాయిగా!"

"బొంతేది?"

దంబా గుడారం వైపు చూశాడు. గుడారం తలుపు తీసుకుని నన్సల్ బయటికొచ్చింది. చంకలో బిడ్డ, భుజాల మీద బొంత. నూనె మరకలున్న ఆ ఉన్నిబొంతను ఖోర్లో ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"చంటిదానికి కప్పాం వదినా. బండికన్నా బిడ్డే కదా" అంది నన్సల్.

"బిడ్డకు కప్పమ్మా, నేను కాదన్లేదు. ఇంట్లో ఇంకో బొంత లేదా?"

"ఉంది. ఆయన దాని మీద పడుకుంటాడు."

ఖోర్లో అక్కడే కూర్చుండిపోయేది. మంచు మీద కూర్చుంటే లేవలేమని తెలుసు గనక కూర్చోలేదు. ఆమె కోపం ఒక్క తమ్ముడి మీదే కాదు, చనిపోయిన నాన్న మీద కూడా. కొడుకు లేటుగా పుట్టాడని ముందు కూతుర్ని లారీ ఎక్కించాడు. చిన్నప్పటినుంచి ప్రతి పొద్దున్న, వేళ్లు కొంకర్లు పోతుంటే, ఆమే పక్కన కూర్చుని కనుమ ఎక్కింది. దంబా పుట్టాక కూడా ఆమే. "చిన్నోడు, పడుకోనీ" అనేవాడు. వాడు సాయంత్రాలు నాన్న కాళ్లలో తిరుగుతూ గిన్నె పొయ్యడం చూశాడు. పొద్దుటి సంగతి నిద్రలో పోయింది. వాడికి తెలిసిందల్లా మేలుకుని ఉన్నంతవరకే.

"చోయ్‌జిల్!" అని కేకేసింది. "నా వాటా గడ్డి నీ బండి మీద కనుమ దాటిస్తావా?"

చోయ్‌జిల్ మంట దగ్గర్నుంచి తలెత్తాడు. "నీకు లేదంటానా అక్కా. కానీ నావి అటు తూర్పున కదా. అవీ గొర్రెలేగా."

నిజమే. ఆ ఊళ్లో ఉన్న ప్రతి లారీకీ అవతల ఎవరివో గొర్రెలు పడున్నాయి.

"లోపలి బాణలి తీసుకురా నన్సల్. పెద్దది."

"మాంసం వండేదా?"

"అదే."

"అందులో ఆయిలా? వదినా, నా పెళ్లికి అమ్మ ఇచ్చింది!"

"మీ ఆయన ఇంజన్లో పెరుగు చేస్తే నేను బాణల్లో ఆయిలు వండుతాను. సరికి సరి. తే!"

ఇంజను అడుగు మూత తీసి ఆయిలంతా దించింది. ధార అసలు ఆయిల్లా లేదు, గలగలమంది. గుడారానికి దూరంగా రాళ్లు పేర్చి, మంట లేకుండా నిప్పులు మాత్రం పరిచి, బాణలి ఎక్కించింది. "దగ్గరికి రాకు" అని ఆమె అనేలోపే దంబా వంగి చూశాడు. బాణలి మీద నీలం మంట ఒక్కసారి లేచింది. ఖోర్లో మూత వేసి అణిచింది. దంబా కనుబొమ్మలు మాడి వాసనొచ్చాయి.

"నా మొహం!"

"ఉందిలే. దానికేమీ కాలేదు. బాగుపడనూ లేదు."

అక్కడినుంచి చోయ్‌జిల్ నవ్వాడు. ఖోర్లో నవ్వలేదు. కర్రతో కలుపుతూ కూర్చుంది. పెట్రోలు ఆవిరి కళ్లు మండిస్తూ పోయింది. బుడగలు తగ్గాయి. కర్ర ఎత్తితే ధార తెగకుండా, నిదానంగా దిగింది. పాత గుడ్డ పరిచి వడకట్టింది. గుడ్డ మీద వెండిరంగు రజను మిగిలింది. ఎండలో తళతళమంది.

గుడ్డ రెండు చేతులా పట్టుకుని తమ్ముడి కళ్ల ముందు చాపింది.

"ఇదేంటో తెలుసా?"

"ఏంటి?"

"బేరింగు. నాన్న బేరింగు. ఇన్నాళ్లూ ఆయిలు మీద తేలింది. నువ్వు పలుచన చేశావు, అది తేలడం మానేసింది. ఇనుము మీద పడి అరిగింది. నువ్వు నీళ్లు తెచ్చుకున్న ప్రతిసారీ ఇది ఇంత పోయింది. ఇంత, ఇంత." ప్రతి మాటకీ వేలితో రజను గీకి చూపించింది.

దంబా ఆ రజను వైపు వంగాడు. మాడిన కనుబొమ్మల మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. దాన్ని చూసి ఆమెకు జాలి రావలసింది. కోపమే ఇంకాస్త వచ్చింది.

లారీ కింద వెల్లకిలా పడుకుని, ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఛాంబరు విప్పింది. ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతోంది. పిస్టనుకు తగిలించిన వెనక రాడ్డు పట్టుకుని ఊపితే ఊడబోయే పంటిలా కదిలింది. బేరింగు రెండు చెక్కలూ రేకుల్లా అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి ఊళ్లో ఎవరి దగ్గరా ఉండవు. నాన్న ఒకసారి, ఎడారి మధ్యలో, బేరింగు బదులు తోలు వేసి నడిపించాడు. మెల్లగా తోలితే కొంతదూరం ఓరుస్తుందని అన్నాడు. ఎంత దూరమో చెప్పలేదు.

"నీ బెల్టు ఇవ్వు" అంది కిందనుంచే.

"నా బెల్టా? ఇది సైన్యంలో ఇచ్చింది!"

"మీ సైన్యం ఏ యుద్ధం గెలిచిందిరా? ఇవ్వు!"

"గుర్రం పట్టెడ తెస్తానుండు..."

"పట్టెడ ఎండి పెళుసెక్కి ఉంటుంది. నీది మెత్తగా ఉంది. నీ పొట్ట రాసీ రాసీ పదునెక్కింది."

దంబా రెండు చేతులతో బెల్టు పట్టుకుని నిలబడ్డాడు. నన్సల్ బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, వచ్చి, కొక్కెం తీసి బెల్టు లాగేసింది. "ఇచ్చెయ్యవయ్యా. ప్యాంటు జారితే చూసేది మేమేగా."

ఖోర్లో తోలు పట్టీ కోసి, వేడి ఆయిల్లో నానబెట్టి, అరిగిన చెక్కల చోట రాడ్డు మెడలో చుట్టి బిగించింది. ఛాంబరు మూసి వేడివేడిగా ఆయిలు పోసింది. హ్యాండిలు ఈసారి దంబా తిప్పలేదు, ఆమే తిప్పింది. ఇంజను లేచింది. సుత్తి మోత లేదు. అయినా ఆమె మొహం విప్పారలేదు. నన్సల్ తన భుజాల మీది బొంత తీసి తనే బండి ముక్కుకు కట్టింది.

గోదాములో గడ్డి ఎక్కించారు. దంబా మోపుల మీద మోపులు విసిరాడు. పూర్తిగా నిండకముందే ఖోర్లో "చాలు" అంది. "ఇంకా ఉంది కదా మన వాటా" అన్నాడు. "ఉంది. నీ బెల్టు మొయ్యదు." తాడు బిగించి ఎక్కారు.

మనిషి పరుగు దాటకుండా మెల్లగా తోలింది. ఆయిలు వత్తిడి చూపే ముల్లు మీదినుంచి చూపు తిప్పలేదు. ఊరు దాటాక ఎత్తు మొదలైంది. ఇంజను వేడెక్కింది. గొట్టంలోంచి పల్చటి పొగ, దాంతో మిగిలిన పెట్రోలు వాసన.

"అక్కా, ఏదో కాలుతోంది."

"కాలట్లేదు. పోతోంది. రోజూ ఇట్లా పోవాలి."

దంబా వెనక్కి వంగి ఆ పొగను చూశాడు. తర్వాత అద్దం వైపు తిరిగి అన్నాడు: "నాకెవరు చెప్పారు?"

"ఇంత పెరిగావు. చెప్పాలా?"

"చెప్పాలి. నాన్న చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. బండి ఇచ్చిన రోజు ఏమన్నావు? 'గిన్నె మరిచిపోకు' అన్నావు. మరిచిపోలేదు. అంతే కదా నువ్వన్నది? నువ్వెప్పుడన్నా రెండో మాట మాట్లాడితే కదా! తెలిసినవన్నీ నీ పొట్టలో దాచుకుంటావు. నాన్నా అంతే. ఇద్దరూ పొద్దున్నే వెళ్లేవాళ్లు. నేను లేచేసరికి పక్కలు చల్లగా ఉండేవి. ఇప్పుడు నేను ఇంజను చంపానంటావు."

ఖోర్లో స్టీరింగు గట్టిగా పట్టుకుంది. జవాబు చెప్పాలంటే అబద్ధం చెప్పాలి, లేకపోతే ఒప్పుకోవాలి. రెండూ చేతకాలేదు.

"నోరు ముయ్యి. మోత వినాలి" అంది.

కనుమ మీద దారినపోయేవాళ్లు మొక్కుకునే రాళ్లగుట్ట కనిపించింది. దిగి, మూడుచుట్లు తిరిగి, రాయి వెయ్యకుండా ఆమె ఎప్పుడూ దాటలేదు. ఆగితే మళ్లీ కదులుతుందో లేదో. హారను మాత్రం కొట్టి పోనిచ్చింది. దంబా తలమీది టోపీ తీశాడు.

గుట్ట దాటిన కాసేపటికే మోత తిరిగొచ్చింది. ముందు మెత్తగా, తర్వాత గట్టిగా. ఆమె కాలు తీసేలోపే కింద పిడుగు పడ్డట్టయింది. రాడ్డు ఇంజను పక్క చీల్చుకుని బయటికొచ్చింది. వెనక మంచు మీద నల్లటి చార పరుచుకుంటూ వచ్చింది. ఖోర్లో గేరు తీసేసి, బండిని వాలుకే వదిలి, బ్రేకు మీద నిలబడింది. లారీ బరువంతా ఆమెను తోసుకుంటూ కిందికి పోయింది. "తాడు చూడు! మోపులు చూడు!" అని అరుస్తూనే ఉంది. దంబా తలుపు తీసి, బయటికి వేలాడి, జారిపోతున్న మోపుని ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఎండిన వాగులో లారీ దానంతటదే ఆగింది. అక్కడినుంచి దొడ్డి కనిపిస్తోంది. గునపం పట్టుకున్న సంబూ కూడా.

సంబూ వచ్చి, ఇంజను పక్కనున్న చిల్లు చూసి, ఏమీ అడక్కుండా మోపు భుజానికెత్తుకున్నాడు. ఆయన అలా అడగకపోవడం ఖోర్లోకి తిట్టినట్టే అనిపించింది. దంబా కింద పడుతూ లేస్తూ, రెండేసి మోపులు మోశాడు. ప్యాంటు జారుతుంటే ఒక చేత్తో పట్టుకునే మోశాడు. ఎవరూ నవ్వలేదు.

గొర్రెలు గడ్డి వాసనకు అరవను కూడా అరవలేదు. వచ్చి మీద పడ్డాయి. లేవలేనివాటి దగ్గర ఖోర్లో మోకాళ్ల మీద కూర్చుని, నోరు తెరిచి, గుప్పెడు కుక్కింది. కొన్ని నమిలాయి. కొన్నింటి నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది. వాటిని దంబా కాళ్లు పట్టి గోడ పక్కకు ఈడ్చాడు. ఆమె ఆపలేదు, చూడనూ లేదు.

"ఇది అయిపోయాక?" అన్నాడు సంబూ.

మిగిలిన గడ్డి కనుమ అవతల గోదాములో ఉంది. లారీ వాగులో ఉంది.

"ఒంటెల మీద తెస్తాను" అన్నాడు దంబా. "నాలుగు మోపులు, అయిదు మోపులు. ఎన్నిసార్లయితే అన్నిసార్లు."

"తేకుండా ఎక్కడికి పోతావు" అంది ఖోర్లో. గొంతులో మెత్తదనం ఏమీ లేదు.

సంబూ పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఎండుమాంసం చిదిమి వేసి, పిండి పట్టీలు కోసి వేశాడు. ఉప్పు చూశాడు. మూడు గిన్నెల్లో పోసి ముందు దంబాకిచ్చాడు, తర్వాత ఖోర్లోకి. ఆయిలుకు నల్లబడ్డ ఆమె చేతుల మీద, వేళ్లు పగిలినచోటల్లా ఎర్రగా ఉంది. గిన్నె వేడికి అవి మండాయి. అయినా వదల్లేదు. ముగ్గురూ పొయ్యి చుట్టూ తలలు వంచుకుని తిన్నారు. దంబా గిన్నె ఖాళీ అయితే ఖోర్లో గరిటె తీసుకుని, వాడి మొహం చూడకుండానే ఇంకో రెండు గరిటెలు పోసింది. వాడు తిన్నాడు.